మిద్దె మీద చీజ్ ఫాండ్యూ: అనంతపురంలో దొరికే సరుకుతో, ఎనిమిది మందికి

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఊరికొచ్చిన స్నేహితులందరినీ మా మిద్దె మీదికి పిలిచి, చీజ్ ఫాండ్యూ పెడతానని గొప్పలు పోయాను. వీడియోల్లో చూస్తే ఎంత సులువు! చీజ్ కరిగించాలి, బ్రెడ్ ముంచాలి, తినాలి. తీరా గిన్నె మూత తీస్తే పైన పచ్చటి నూనె తేలుతోంది, అడుగున ముద్ద కూర్చుని ఉంది. పుల్లతో పొడిస్తే ముద్దంతా ఒక్కసారిగా లేచొచ్చింది. "ఏంప్పా ఇది, సైకిల్ ట్యూబా?" అన్నాడొకడు. ఆ రాత్రి అందరం బండి దగ్గర ఎగ్ రైస్ కట్టించుకొచ్చి తిన్నాం.

తప్పు చీజ్‌ది కాదు, నాదే. మోజరెల్లా ఒక్కటే వేశాను, మంట పెద్దది పెట్టాను, పిండి అసలు వెయ్యలేదు. ఆ తర్వాత పట్టుదలగా ఐదారు సార్లు చేశాను. ఇప్పుడు టెన్షన్ లేకుండా కుదురుతోంది. అలాగని చీజ్ స్విట్జర్లాండ్ నుంచేమీ తెప్పించడం లేదు. వీధి చివర సూపర్ మార్కెట్లో దొరికే ప్రాసెస్డ్ చీజే సగం. "అది వేస్తే ఫాండ్యూ ఎట్లవుతుంది?" అని మూతి విరిచేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఒక కథ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఇంతకీ ఏమిటిది

ఫ్రెంచ్‌లో 'ఫోండ్ర్' అంటే కరగడం. ఫాండ్యూ అనే మాట అందులోంచే వచ్చింది. స్విట్జర్లాండ్‌లో మందపాటి గిన్నెలో చీజ్‌ని పుల్లటి వైట్ వైన్‌తో కరిగించి, ఆ గిన్నెని తెచ్చి బల్ల మధ్యలో చిన్న మంట మీద పెడతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు పొడుగాటి ఫోర్కులకు బ్రెడ్ ముక్కలు గుచ్చి ముంచుకు తింటారు. చీజ్‌ని వైన్‌లో వండే పద్ధతి జ్యూరిక్‌లో 1699 నాటి వంటల రాతప్రతిలోనే ఉంది. కానీ అది దేశం మొత్తానికీ సొంత వంట అయింది మాత్రం 1930లలో, అక్కడి చీజ్ యూనియన్ అమ్మకాలు పెంచుకోవడానికి చేసిన ప్రచారం వల్ల.

అక్కడ బాగా పేరున్నది 'మ్వాతియే మ్వాతియే', అంటే సగం సగం: గ్రుయేర్ సగం, వాష్రాన్ ఫ్రిబూర్జువా సగం. న్యూషాటెల్ వైపు గ్రుయేర్‌తో ఎమ్మెంటల్ కలుపుతారు. ఈ మూడూ మన ఊళ్లో దొరకవు. బెంగళూరులో దొరుకుతాయి కానీ ఎనిమిది మందికి సరిపడా కొంటే, ఆ డబ్బుతో ఎనిమిది మందికీ బిర్యానీ పెట్టి ఇంకా మిగుల్చుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. గ్రుయేర్‌కి పాలు తోడుపెట్టేది దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో. మీ స్నేహితుల్లో గుడ్డు కూడా ముట్టనివాళ్లుంటే ఇది ముందే తెలియాలి, తిన్నాక కాదు. మన దగ్గర తయారయ్యే చీజ్ ప్యాకెట్ల మీద పచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే ఆ గొడవ ఉండదు.

వైన్ సంగతి. మా ఇంట్లో వెయ్యం. వెయ్యకపోతే అసలైనది కాదనే దిగులు అక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లోనే ఫ్రిబూర్ ప్రాంతంలో ఒక్క వాష్రాన్‌తో చేసే ఫాండ్యూలో వైన్ ఉండదు, నీళ్లే పోస్తారు. మరి మిగతాచోట్ల వైన్ ఎందుకంటే, రుచి ఒకటి, అందులోని పులుపు ఇంకొకటి. ఆ పులుపు చేసే పని ఏమిటో తెలిస్తే నిమ్మకాయతో నెట్టుకు రావచ్చు.

ఎందుకు విరుగుతుంది, ఎందుకు సాగుతుంది

మజ్జిగ పులుసు చెయ్యడం వచ్చినవాళ్లకి ఫాండ్యూ సగం వచ్చినట్టే. ఉత్త మజ్జిగని పొయ్యి మీద పెడితే విరిగి, నీళ్లు వేరు, తరకలు వేరు అవుతాయి. అందుకే అమ్మ ముందు శనగపిండి కలిపి, సన్న మంట మీద తిప్పుతూనే ఉంటుంది. పిండి ఉబ్బి మధ్యలో అడ్డంపడి, తరకల్ని ఒకదానికొకటి అంటుకోనివ్వదు. ఫాండ్యూలో కార్న్‌ఫ్లోర్ చేసే పని అచ్చం అదే.

చీజ్ లోపల పాల ప్రొటీన్ ఒక వలలా అల్లుకుని ఉంటుంది. ఆ వల ముడుల్లో కాల్షియం, కళ్లల్లో వెన్న, నీళ్లు. సన్నటి వేడికి వల మెత్తబడి జారుతుంది. మంట పెంచితే బిగుసుకుపోయి, లోపలి వెన్నని పిండేస్తుంది. నా గిన్నెలో తేలిన పచ్చనూనె అదే. పులుపు పడితే కాల్షియం ముడులు సడలుతాయి, వల నీళ్లు పీల్చుకుని చిక్కటి పాలలా పారుతుంది. అంటే సన్న మంట, పిండి, పులుపు. ఈ మూడింట్లో ఒకటి కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, రెండు తప్పితే ట్యూబే.

ఇక నేను చెప్తానన్న కథ. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్ పట్నంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు ఎక్కువకాలం నిలవుండే చీజ్ చెయ్యాలని కూర్చున్నారు. ఎమ్మెంటల్‌ని సోడియం సిట్రేట్ అనే ఉప్పుతో కలిపి వేడిచేస్తే నూనె విడవకుండా నున్నగా కరిగి, చల్లారాక అలాగే గడ్డకట్టింది. ప్రాసెస్డ్ చీజ్ పుట్టింది అలాగే. వైన్‌లోని పులుపు చేసే పనినే ఈ ఉప్పు ఇంకా గట్టిగా చేస్తుంది. మన ప్రాసెస్డ్ చీజ్ ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో 331 అనో 339 అనో అంకెలుంటాయి, చూడండి. 331 అంటే సోడియం సిట్రేటే. కాబట్టి ఫాండ్యూలో ఆ చీజ్ వేస్తే స్విస్ వాళ్ల వంటలో స్విస్ వాళ్ల కిటుకే వాడినట్టు. విరగకుండా కాపలా కాసేది అదే.

కాకపోతే దానికి ఉప్పదనం తప్ప పెద్ద రుచి ఉండదు. అందుకే సగమే వేసి, మిగతా సగం రుచి ఉన్న చీజ్ కలపాలి.

ఎనిమిది మందికి ఎంత

స్విస్ వాళ్లు మనిషికి 200 గ్రాముల చీజ్ లెక్కేస్తారు, ఎందుకంటే వాళ్లకి అదే భోజనం. మనవాళ్లు ఫాండ్యూ తిన్నాక "అన్నం ఎప్పుడు?" అంటారు. మనిషికి 100 గ్రాములు చాలు.

ప్రాసెస్డ్ చీజ్ 400 గ్రాములు. బ్లాక్ దొరికితే మంచిది. అముల్ క్యూబ్‌లైతే ఒక్కోటి 25 గ్రాములు, పదహారు పడతాయి. స్లైసులు వద్దు, రేపర్లు విప్పేసరికి స్నేహితులు వచ్చేస్తారు.

గౌడా గానీ, ప్రాసెస్ చెయ్యని చెడ్డార్ గానీ 300 గ్రాములు. రుచంతా ఇందులోనే ఉంది. మన ఊళ్లో ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లలో ఒకరికి ముందే చెప్పి పెట్టండి. నాలుగు గంటల ప్రయాణమే కాబట్టి ఐస్ ప్యాక్‌తో సంచిలో చుట్టి తెస్తే ఏమీ కాదు. అసలు దొరక్కపోతే ప్రాసెస్డ్ చీజ్‌నే 700 గ్రాములు చేసి, వెల్లుల్లి, మిరియాలు కాస్త పెంచండి.

మోజరెల్లా 100 గ్రాములు, అంతకు మించొద్దు. తీగలు సాగడం చూస్తే పిల్లలకి సరదా, దాని కోసమే ఇది. ఎక్కువైతే ఆ తీగలన్నీ పేనుకుని తాడవుతాయి.

కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్లు. వెల్లుల్లి రెండు రెబ్బలు. నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్. మిరియాల పొడి అర టీస్పూన్. జాజికాయ నాలుగు గీతలు గీరినంత. ఉప్పు వద్దు, పొరపాటున కూడా.

కూరగాయలు ఉడికించిన నీళ్లు 450 మి.లీ. దీనికి ఉల్లిపాయ సగం, క్యారెట్ తొడిమలు, కొత్తిమీర కాడలు, నాలుగు మిరియాలు వేసి 600 మి.లీ. నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి వడగడితే సరి. ఇందులో 350 ముందు వాడతాం, 100 పక్కన వేడిగా ఉంచుకుంటాం. దీనికి బదులు పాలు పొయ్యొచ్చు, ఇంకా కమ్మగా ఉంటుంది. కానీ పాలు పోస్తే నిమ్మరసం మానెయ్యాలి, లేకపోతే పాలు విరుగుతాయి. మా అత్త మజ్జిగ పొయ్యమని సలహా ఇచ్చింది. పోశాను. పొయ్యకండి.

పనీర్ గురించి కూడా అడుగుతారు. పనీర్ ఎంత కాచినా కరగదు. ముక్కలుగా వేయించి ముంచుకోవడానికి మాత్రం భలే ఉంటుంది.

గిన్నె, మంట, పుల్లలు

స్విస్ వాళ్ల గిన్నెని కాక్లాన్ అంటారు: అడుగు మందంగా, వెడల్పుగా, ఒక పక్క పిడితో ఉంటుంది. దాన్ని మట్టితో గానీ ఇనుముతో గానీ చేస్తారు. మన చేపల పులుసు మట్టి దాక దాదాపు అలాంటిదే. అయితే చేపల దాకనే వాడితే చీజ్ మొత్తం చేపల వాసనే, ఆ అనుభవమూ నాకుంది. కొత్తది కొని, ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఒకసారి గంజి కాచి పారబోసి వాడండి.

మట్టి దాకలోనే మొదట్నుంచీ వండొచ్చు కానీ మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పేది వేరు. అడుగు మందంగా ఉన్న మామూలు గిన్నెలో గ్యాస్ మీద వండండి. ఈలోగా దాకలో వేడినీళ్లు పోసి ఉంచండి. వడ్డించే ముందు నీళ్లు పారబోసి, తుడిచి, వండినది అందులోకి ఒంపండి. మట్టికి వేడి నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది. వండేటప్పుడు అది ఇబ్బంది, వడ్డించేటప్పుడు వరం.

బల్ల మీద మంటకి మా మిద్దె మీద చేసేది ఇదీ. పెళ్లిళ్లలో బఫే గిన్నెల కింద కేటరింగ్ వాళ్లు జెల్ డబ్బాలు పెడతారే, అవి రెండు తెచ్చుకుంటాను. మూడు ఇటుకలు నిలబెట్టి, మధ్యలో ఒక డబ్బా పెట్టి, పైన దాక. మంటకీ దాకకీ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలి. ఎక్కువ మండుతుంటే డబ్బా మూత సగం మూసి పెట్టండి, ఊదకండి. రెండో డబ్బా మొదటిది ఆరిపోయాక, దాక దించి మార్చాలి. మండుతున్నదాంట్లో జెల్ పొయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. జనవరిలో సాయంత్రం గాలి తూర్పు నుంచి కొడితే ఇంకో రెండు ఇటుకలు అడ్డం పెట్టుకోవాలి. బొగ్గుల కుంపటి కూడా బాగుంటుంది కానీ ఆరుబయటే. తలుపులు మూసిన గదిలో బొగ్గులు పెట్టుకుంటే విషవాయువు నిండి మనిషి ప్రాణానికే ముప్పు. ఇవేవీ వద్దనుకుంటే స్టీలు గిన్నెలో చేసి, మరుగుతున్న నీళ్లున్న పెద్ద గిన్నెలో దాన్ని కూర్చోబెట్టండి. ఇరవై నిమిషాలకొకసారి నీళ్లు మార్చాలి, అంతే. ఇండక్షన్ స్టవ్ కూడా పనికొస్తుంది, మట్టి దాకకి కాదు, కరెంటు పోనంతవరకే.

ఇప్పుడు అసలు సమస్య. మొదటిసారి నేనిది చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న చీజ్ గురించి కాదు. "అందరూ ఒకే గిన్నెలో ముంచుకు తింటారా? ఎంగిలి కాదా?"

నిజమే కదా. స్విస్ వాళ్ల పద్ధతిలోనూ ఫోర్కుని నోటికి ఆనించకుండా, పళ్లతో ముక్కని మాత్రం లాక్కోవాలని అంటారు. మన గుంపులో అది జరిగే పని కాదు. నేను పెట్టిన నియమం ఒకటే: ముంచే పుల్ల వేరు, తినే చెయ్యి వేరు. కబాబుల వెదురు పుల్లలు ప్యాకెట్ తెచ్చి మనిషికి ఒకటి ఇస్తాను. పుల్లకి గుచ్చాలి, ముంచాలి, తిప్పి తీసి తన ప్లేటులోకి జార్చాలి, చేత్తో తినాలి. పుల్ల నోటి దాకా పోదు. పోతే ఆ పుల్ల విరిచి కొత్తది ఇస్తాం. వేడి చీజ్ నాలుకని కాల్చకుండా ఒక్క క్షణం ఆరే వీలు కూడా దొరుకుతుంది. ఈ ఏర్పాటు చూశాక అమ్మ కూడా కూర్చుంది.

మాంసాహారులు, శాకాహారులు కలిసి కూర్చుంటే రెండు దాకలు పెట్టండి, ఒకటి చిన్నదైనా సరే. చికెన్ ముక్క ముంచిన దాంట్లో ముంచమని ఎవరినీ మొహమాటపెట్టకూడదు.

ముంచుకోవడానికి ఏమేం

బ్రెడ్ ముందు రోజే తెచ్చి పెట్టుకోవాలి. తాజా బ్రెడ్ మెత్తగా ఉండి పుల్ల మీద నిలవదు, దాకలో పడిపోతుంది. అయ్యంగార్ బేకరీలో 'స్వీట్ బ్రెడ్డా, సాల్ట్ బ్రెడ్డా' అని అడుగుతారు. సాల్ట్ బ్రెడ్ చెప్పి, కొయ్యకుండా ఇవ్వమనండి. ఇంటికొచ్చాక అంగుళం ముక్కలుగా, ప్రతి ముక్కకీ ఒక పక్క గట్టి పెచ్చు ఉండేలా కొయ్యండి. పుల్లని మెత్తటి వైపు నుంచి దింపి పెచ్చులో గుచ్చాలి. ముక్క జారకుండా పట్టేది ఆ పెచ్చే. కోసిన ముక్కల్ని పళ్లెంలో పరిచి రెండు గంటలు ఆరనిస్తే ఇంకా మంచిది. ఎనిమిది మందికి రెండు పెద్ద బ్రెడ్లు.

చిన్న ఆలుగడ్డలు తోలుతో ఉడికించినవి, గోబీ పువ్వులు ఉప్పునీళ్లలో మూడు నిమిషాలు ఉడికించినవి, క్యారెట్, క్యాప్సికం. వీటన్నిటినీ గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే చీజ్ అంటదు, జారిపోతుంది.

మన సరుకులో దీనికి బాగా కుదిరినవి రెండు. మొదటిది కటకటలాడే ఎండు జొన్నరొట్టె. అరచేతి అంత ముక్కలు విరిచి, పుల్ల లేకుండా, అంచు ముంచుకోవడమే. ఎంగిలి రాకుండా ఒక ముక్కకి ఒకే ముంచు. జొన్నల చప్పిడికి చీజ్ ఉప్పదనం సరిగ్గా సరిపోతుంది. రెండోది చెనక్కాయల పొడి. బ్రెడ్ ముక్కని చీజ్‌లోంచి తీసి, ప్లేటులో పోసుకున్న పొడిలో ఒక్క వైపు అద్ది నోట్లో వేసుకోండి. వెల్లుల్లి, ఎండుమిరప వేసి దంచిన పొడి అయితే, వచ్చినవాళ్లు చీజ్ సంగతి మర్చిపోయి పొడి ఎవరు చేశారని అడుగుతారు.

మిరపకాయ బజ్జీ కూడా బ్రహ్మాండంగా ఉంటుంది కానీ దాకలో ముంచకండి. దాని నూనె దిగితే కింద చీజ్ కూడా విడిపోతుంది. గరిటెతో చీజ్ తీసి బజ్జీ మీద పోసుకోవాలి. సంగటి ప్రయత్నించాను. ముద్ద పుల్ల మీద నిలవలేదు, దాకలో కలిసిపోయి గోధుమరంగు చారలు పడ్డాయి. నాటుకోడి పులుసుకి దాన్ని వదిలేద్దాం.

పక్కన పుల్లటిది ఒకటి తప్పకుండా ఉండాలి, లేకపోతే పది ముక్కలకే మొహం మొత్తుతుంది. స్విస్ వాళ్లు వెనిగర్‌లో ఊరబెట్టిన చిన్న దోసకాయలు, ఉల్లిపాయలు పెట్టుకుంటారు. మనం చిన్న ఉల్లిపాయల్ని వెనిగర్‌లో రెండు గంటలు ఊరబెడితే చాలు. నిమ్మకాయ ఊరగాయ ముక్కలూ సరిపోతాయి.

పొయ్యి మీద

ముందొక మాట. ఏడింటికి రమ్మంటే ఎనిమిదింటికి వస్తారు. చీజ్ ఎదురుచూడదు. చివరి బండి గేటు దగ్గర ఆగిన చప్పుడు వినిపించాకే పొయ్యి వెలిగించండి. మొత్తం పని పదిహేను నిమిషాలే.

చీజ్‌లన్నీ ముందే తురిమి ఉండాలి. మెత్తబడి తురుముపీటకు అంటుకుంటుంటే ఇరవై నిమిషాలు ఫ్రీజర్లో పెట్టండి. తురుమంతా వెడల్పాటి పళ్లెంలో వేసి, కార్న్‌ఫ్లోర్ చల్లి, చేత్తో కలపండి. ప్రతి పోగుకీ పిండి అంటాలి. పిండిని విడిగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఇలాగైతే కట్టదు.

గిన్నె లోపలంతా వెల్లుల్లి రెబ్బని సగానికి కోసి రుద్దండి. రెండో రెబ్బ సన్నగా తరిగి వేసెయ్యండి. 350 మి.లీ. కూరగాయల నీళ్లు, నిమ్మరసం పోసి మధ్యరకం మంట మీద పెట్టండి. అంచుల వెంట సన్న బుడగలు లేచి ఆవిరి రాగానే మంట పూర్తిగా సిమ్‌కి తగ్గించండి. ఇక్కణ్నుంచి చివరిదాకా సిమ్ దాటకూడదు.

ఒక పిడికెడు తురుము వెయ్యండి, తిప్పండి. అది పూర్తిగా కరిగి కనబడకుండా పోయాకే రెండో పిడికెడు. మొదటి రెండు మూడు పిడికిళ్లకి గిన్నెలో పల్చటి పాలలా ఉంటుంది, కంగారుపడి ఒకేసారి కుమ్మరించబుద్ధవుతుంది. ఆగండి. నాలుగో పిడికెడు దగ్గర చిక్కదనం మొదలవుతుంది. తిప్పడానికి కొయ్య తెడ్డు, తిప్పే తీరు 8 అంకె వేసినట్టు. గుండ్రంగా తిప్పితే చీజ్ సుడిలో చిక్కుకున్నట్టు మధ్యకి చేరి ముద్దవుతుంది. 8 వేస్తే తెడ్డు ప్రతిసారీ ఆ మధ్యని చీల్చుకుంటూ పోతుంది.

తురుమంతా అయ్యాక తిప్పుతూనే ఒకటి రెండు బుడగలు 'బుడుక్' మనేదాకా ఉంచండి, కార్న్‌ఫ్లోర్ పచ్చివాసన పోవడానికి. అంతకు మించి ఉడకనివ్వద్దు. మిరియాలు, జాజికాయ వేసి దించండి. తెడ్డు ఎత్తి చూస్తే గరిటెజారుగా, తెగని పట్టీలా దిగాలి. దిగినది ఒక్క క్షణం పైన గీతలా కనబడి లోపల కలిసిపోవాలి. అదే గురుతు. దాకలో పెట్టాక ఇంకాస్త చిక్కబడుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం పల్చగా ఉన్నా మంచిదే.

తేడా కొడితే

నూనె తేలితే వెంటనే దించెయ్యండి. ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, ఒక టీస్పూన్ నిమ్మరసం రెండు చెంచాల నీళ్లలో కలిపి పోసి, గట్టిగా గిలక్కొట్టి, మళ్లీ సిమ్ మీద పెట్టి తిప్పండి. పాలతో చేసినదైతే నిమ్మరసం వెయ్యొద్దు, పిండినీళ్లు మాత్రమే. అప్పటికీ దారికి రాకపోతే రెండు ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్‌లు తురిమి వెయ్యండి. అందులోని ఉప్పే సర్దిచెప్తుంది. నా చేతిలో నూటికి తొంభైసార్లు సర్దుకుంది అనలేను గానీ, సర్దుకున్నప్పుడల్లా ఇలాగే సర్దుకుంది.

చిక్కబడితే పక్కన పెట్టిన వేడినీళ్లు చెంచా చెంచాగా పొయ్యండి, చన్నీళ్లు కాదు. పల్చబడితే ఇంకో పిడికెడు తురుము. ఇసకలా గరగరలాడితే అది మాడే వేడికి పోయినట్టు. ఆ గరుకు పూర్తిగా పోదు, బజ్జీల మీదికి మళ్లించండి.

మొత్తం గౌడా, చెడ్డార్‌తోనే చేసుకోగలిగినవాళ్లకి ఒక కిటుకు. నిమ్మఉప్పు, వంటసోడా నీళ్లలో కలిస్తే బుసబుస పొంగి, పొంగు అణిగాక మిగిలేది సోడియం సిట్రేటే. 800 గ్రాముల చీజ్‌కి నిమ్మఉప్పు 9 గ్రాములు, సోడా 12 గ్రాములు, ముందు చెప్పిన 350 మి.లీ. నీళ్లలోనే పెద్ద గిన్నెలో కలపండి. చిన్న గిన్నె అయితే పొంగి పొయ్యి మీద పడుతుంది. దీన్ని కళ్లతో అంచనా వెయ్యకండి, తూకం కావాలి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. ఇది కలిపితే నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ రెండూ అక్కర్లేదు.

దాక చుట్టూ

ముంచేవాళ్లంతా దాక అడుగుదాకా తిప్పి తియ్యాలని ముందే చెప్పండి. ఎనిమిది మంది తిప్పుతుంటే అడుగంటదు. పైపైన ముంచుకుంటూ పోతే మీరే తెడ్డు పట్టుకుని కాపలా కూర్చోవాలి.

ముక్క దాకలో జారవిడుచుకున్నవాళ్లకి శిక్ష వెయ్యడం స్విట్జర్లాండ్‌లో ఆనవాయితీ. పాట పాడాలనో, మంచులో పరుగెత్తాలనో అంటారు. మా దగ్గర మంచు లేదు కాబట్టి దాక తోమాలి. ఈ శిక్ష ప్రకటించినప్పటి నుంచి ముక్కలు పడటం బాగా తగ్గింది.

తాగడానికి అక్కడ వైట్ వైన్ లేదా వేడి బ్లాక్ టీ. చన్నీళ్లు తాగితే కడుపులో చీజ్ గడ్డకడుతుందని వాళ్ల నమ్మకం. వైన్, టీల సంగతి తేల్చడానికి జ్యూరిక్ వైద్యులు చేసిన ప్రయోగం 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫాండ్యూతో వైన్ తాగినవాళ్లకి, టీ తాగినవాళ్లకంటే తిండి కడుపులోంచి నెమ్మదిగా కదిలింది. మేము ఫ్లాస్కు నిండా అల్లం టీ పెట్టుకుంటాం, పాలు లేకుండా.

చివర్లో అడుగున పల్చటి పొర మిగిలినప్పుడు ఎవరూ ముంచకండి. మంట ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఉంచితే ఆ పొర బంగారు రంగులో కరకరలాడే అప్పడంలా అవుతుంది. ఫ్రెంచ్ మాట్లాడే స్విస్ వాళ్లు దాన్ని 'రెలిజియూజ్' అంటారు, అంటే సన్యాసిని. ఆ పేరు ఎందుకొచ్చిందో గానీ, దాని కోసం కొట్టుకోవడం మాత్రం పాలగిన్నె గోకు కోసం మనం చిన్నప్పుడు కొట్టుకున్నట్టే ఉంటుంది. అట్లకాడతో అంచు లేపి, ముక్కలు చేసి పంచండి. మొదటి ముక్క చెనక్కాయల పొడి దంచినవాళ్లకి.

దాక వేడి తగ్గాక చన్నీళ్లు పోసి, చెంచాడు వంటసోడా వేసి రాత్రంతా వదిలెయ్యండి. వేడినీళ్లు పోస్తే చీజ్ ఇంకా అతుక్కుంటుంది. మిగిలిన చీజ్ డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటుంది. మర్నాడు పొద్దున ఎర్రకారం దోసె పెనం మీద ఉండగానే, కారం పూసి, పైన ఇది రెండు చెంచాలు పరిచి మడత పెట్టండి. ఫాండ్యూకి రానివాళ్లు కూడా ఆ పూట టిఫిన్‌కి వస్తారు.